సాఫ్ట్ ఎక్స్‌రేలు, బలమైన క్షేత్రం: నా ఫెర్రైట్ పొర 7 టెస్లాల్లోనూ ఎందుకు సంతృప్తం కావడం లేదు?

పలుచనిపొర | సోమవారం, ఉదయం 10:20

అందరికీ నమస్కారం. మెగ్నీషియం ఆక్సైడ్ పలక మీద కోబాల్ట్ ఫెర్రైట్ (కోబాల్ట్, ఇనుము కలిసిన అయస్కాంత ఆక్సైడ్) పొరలు పెంచడం నా పని. పొర మందం 12 నానోమీటర్లు, పలక మందం అర మిల్లీమీటరు. ప్రయోగశాల మాగ్నెటోమీటరులో క్షేత్రాన్ని 7 టెస్లాల దాకా పెంచినా అయస్కాంతీకరణ గీత చదును కావడం లేదు, అంటే సంతృప్తం కావడం లేదు, పైకే పోతోంది. చిక్కంతా పలకతోనే. అది పొరకన్నా నలభై వేల రెట్లు మందం. దాని డయా అయస్కాంత వాలును (క్షేత్రానికి ఎదురుగా వచ్చే బలహీన స్పందనను) తీసివేయాలి కదా, ఆ వాలును కొద్దిగా అటూ ఇటూ మారిస్తే "పొర సంతృప్తమైంది" అని చూపించవచ్చు, "కాలేదు" అనీ చూపించవచ్చు. ఏనుగును తూచి దాని మీద వాలిన ఈగ బరువు చెప్పమన్నట్టుంది.

మా గైడ్ సింక్రోట్రాన్‌కు (ఎలక్ట్రాన్లను వలయంలో తిప్పి తీవ్రమైన ఎక్స్‌రేలు పుట్టించే కేంద్రానికి) వెళ్లి ఎక్స్‌ఎంసీడీ, అంటే వృత్తాకార ధ్రువణం గల ఎక్స్‌రేలతో శోషణ తేడాను కొలవమంటున్నారు. రెండు బీమ్‌లైన్లు, అంటే ఆ ఎక్స్‌రే కిరణంతో ప్రయోగాలు చేసే చోట్లు, చూశాను. ఒకదానిలో మామూలు విద్యుదయస్కాంతం, ఒక టెస్లాలోపు. అక్కడ సమయం సులువుగానే దొరుకుతుంది. రెండోదానిలో 7 టెస్లాల అతివాహక అయస్కాంతం ఉంది, కానీ పోటీ ఎక్కువ. దరఖాస్తులో ఏమి రాస్తే ఒప్పుకుంటారు? బలమైన క్షేత్రంలో సిగ్నల్ పెద్దదవుతుందని రాస్తే చాలదా?

---

వలయందగ్గర | సోమవారం, ఉదయం 11:05

చాలదు. ఆ వాక్యం ఒక్కటే ఉంటే మీ దరఖాస్తును మొదటి పేజీలోనే పక్కన పెడతారు. మీది ఫెర్రీ అయస్కాంతం (వ్యతిరేక దిశల భ్రామకాలు పూర్తిగా కొట్టేసుకోని పదార్థం), ఆ క్రమం చెదిరిపోయే క్యూరీ ఉష్ణోగ్రత దాదాపు 790 కెల్విన్లు. గది ఉష్ణోగ్రతలో సగం టెస్లాలోనే చక్కటి సిగ్నల్ కనిపిస్తుంది. సిగ్నల్ కోసమే అయితే చిన్న అయస్కాంతం చాలు.

బలమైన క్షేత్రం అవసరమయ్యే సందర్భాలు వేరు. ఒకటి, విడివిడి అణువులు, పరమాణువులు, పారా అయస్కాంత అయాన్లు. స్పిన్ సగంగా ఉన్న అయాన్‌ను తీసుకోండి. 7 టెస్లాలు, 300 కెల్విన్ల దగ్గర దాని అయస్కాంత భ్రామకంలో ఒకటిన్నర శాతమే క్షేత్రం వైపు తిరుగుతుంది. అదే 7 టెస్లాలను 2 కెల్విన్లతో కలిపితే 98 శాతం తిరుగుతుంది. అక్కడ క్షేత్రమూ చలీ రెండూ కావాలి. రెండోది, గట్టి యానిసోట్రోపీ (అయస్కాంతీకరణ కొన్ని దిశలకే మొగ్గే గుణం) ఉన్న పదార్థాన్ని దాని కఠిన అక్షం, అంటే అది తిరగడానికి మొరాయించే దిశ, వైపు బలవంతంగా తిప్పడం. మూడోది మీకు పనికొచ్చేది: ఎంత క్షేత్రం పెట్టినా మిగిలిపోయే ఆ వాలు ఎక్కడినుంచి వస్తోందో తేల్చడం.

మాగ్నెటోమీటరు మొత్తం నమూనాను కొలుస్తుంది. ఎక్స్‌ఎంసీడీలో ఫోటాన్ శక్తిని ఇనుము అంచు (శోషణ ఒక్కసారిగా పెరిగే శక్తి) దగ్గర, అంటే 708 ఎలక్ట్రాన్ వోల్టుల ప్రాంతంలో పెడితే ఇనుము మాత్రమే జవాబిస్తుంది. 778 దగ్గర పెడితే కోబాల్ట్. మెగ్నీషియం ఆక్సైడ్ పలక ఈ రెండు శక్తుల దగ్గరా తేడాలో కనిపించదు. అంటే మీ వివాదాస్పదమైన వాలు తీసివేత అనే మెట్టే ఇక్కడ ఉండదు. 7 టెస్లాల్లోనూ ఎక్స్‌ఎంసీడీ పెరుగుతుంటే అది పొరదే. దరఖాస్తులో మొదటి పేరా ఇదే కావాలి.

---

చూస్తూఉంటా | సోమవారం, మధ్యాహ్నం 1:40

నేను ఈ రంగం వాడిని కాను, ఆసక్తితో చదువుతుంటాను. ఒక మౌలికమైన సందేహం. సాఫ్ట్ ఎక్స్‌రేలు, అంటే తక్కువ శక్తివి, గాలిలోనే ఆగిపోతాయంటారు. వాటికోసం అంతా శూన్యంలో పెట్టి, పైగా అయస్కాంతాన్నీ దానిలోకే దూర్చి ఇంత తంటా ఎందుకు? గాలినీ కిటికీలనూ దాటుకుని పోయే హార్డ్ ఎక్స్‌రేలే వాడవచ్చు కదా?

---

స్పిన్‌లెక్క | సోమవారం, మధ్యాహ్నం 3:15

మంచి ప్రశ్న. జవాబు ఎలక్ట్రాన్ ఏ కక్ష్యలోకి వెళ్తుందన్న దాంట్లో ఉంది.

ఇనుము, కోబాల్ట్, నికెల్‌లలో అయస్కాంతత్వం 3డీ ఎలక్ట్రాన్లది. సాఫ్ట్ ఎక్స్‌రే 2పీ ఎలక్ట్రాన్‌ను నేరుగా ఖాళీగా ఉన్న 3డీ స్థాయిల్లోకి ఎక్కిస్తుంది. 2పీ స్థాయి స్పిన్-కక్ష్యా బంధం వల్ల రెండుగా చీలి ఉంటుంది కాబట్టి వృత్తాకార ధ్రువణం గల ఫోటాన్ అక్కడినుంచి ఒక స్పిన్ దిశ ఎలక్ట్రాన్లను ఎక్కువగా లేపుతుంది. 3డీలో ఏ స్పిన్‌కు ఎక్కువ ఖాళీ ఉంటే ఆ శోషణ ఎక్కువ. అందుకే ఆ రెండు 2పీ స్థాయిలకు చెందిన ఎల్3, ఎల్2 అంచుల దగ్గర కుడి, ఎడమ ధ్రువణాల మధ్య తేడా పదుల శాతాల్లో ఉంటుంది. ఇనుములో ఎల్3 దాదాపు 707, ఎల్2 720 ఎలక్ట్రాన్ వోల్టులు.

హార్డ్ ఎక్స్‌రేతో ఇనుము కే అంచును తాకితే 1ఎస్ ఎలక్ట్రాన్ 4పీలోకి పోతుంది. 4పీకి అయస్కాంతత్వంలో ఉన్న వాటా నామమాత్రం. 1987లో గిసెలా షుట్జ్ బృందం ఈ ప్రభావాన్ని మొదట చూసింది ఇనుము కే అంచు దగ్గరే. ఆ తేడా వెయ్యిలో ఒక వంతుకన్నా చిన్నది. 1990లో సి. టి. చెన్, సెట్టె, మా, మోడెస్టి నికెల్ ఎల్ అంచుల్లో కొలిచి చూపించాక ఈ రంగం అటు తిరిగింది. అరుదైన భూలోహాలకు ఎం4, ఎం5 అంచులు. 3డీ నుంచి 4ఎఫ్‌కు. గడోలినియం 1185, టెర్బియం 1240 దరిదాపుల్లో. అవీ సాఫ్ట్ ఎక్స్‌రేలే.

ప్రకృతి అయస్కాంతత్వాన్ని గాలి దాటలేని కిరణాల దగ్గర పెట్టింది. అక్కడికే వెళ్లాలి.

---

చల్లనిగది | సోమవారం, సాయంత్రం 5:30

అయస్కాంతం గురించి మాట. కిటికీ పెట్టే వీలు లేదు కాబట్టి నమూనా ఉన్న చోటునుంచి నిల్వ వలయం దాకా ఒకే శూన్యం. నమూనా గది 10 ఘాతం మైనస్ 10 మిల్లీబార్ స్థాయిలో ఉండాలి. ఆ గది గోడల చుట్టూ ద్రవ హీలియంలో అతివాహక తీగచుట్ట. నమూనాను లోపలికి పంపే కడ్డీ, పట్టుకునే పలక, మరలు అన్నీ అయస్కాంతం కాని లోహాలే: మాలిబ్డినం, రాగి, టైటానియం, బెరీలియం రాగి. ఒక చిన్న ఉక్కు మర చాలు, పూర్తి క్షేత్రంలో అది ఎక్కడ అతుక్కుంటుందో ఊహించలేరు.

పొడి నమూనాలు తెచ్చేవారికి ప్రత్యేకంగా చెబుతాను: బాగా అతికించండి. గట్టి అయస్కాంత కణాలు క్షేత్రంలో తిరిగి నిలబడతాయి. తర్వాత మీరు కొలిచేది యానిసోట్రోపీ కాదు, జిగురు బలం.

---

పలుచనిపొర | సోమవారం, రాత్రి 8:10

ధన్యవాదాలు. వలయందగ్గర గారూ, మీరు చెప్పింది అర్థమైంది. కానీ నా పొర విద్యుత్ బంధకం, పలక ఇంకా బంధకం. అక్కడ ఎక్కువమంది నమూనా నుంచి పారే ఎలక్ట్రాన్ల ప్రవాహాన్నే కొలుస్తారట. బంధకంలో ఆ ప్రవాహం సరిగా వస్తుందా? పైగా 7 టెస్లాల్లో ఆ ఎలక్ట్రాన్లు ఎటు పోతాయి?

---

వలయందగ్గర | సోమవారం, రాత్రి 9:45

అసలైన చోట చేయి పెట్టారు. దీనికి కొంచెం పొడుగ్గా రాయాలి.

మీరు చెప్పిన పద్ధతిని టోటల్ ఎలక్ట్రాన్ యీల్డ్ అంటారు. ఎక్స్‌రే శోషించుకున్న పరమాణువు ఆజర్ ఎలక్ట్రాన్లను, అవి ఢీకొని చిన్న శక్తి ఎలక్ట్రాన్ల జల్లును విడుదల చేస్తాయి. బయటికి పోయిన వాటి స్థానంలో భూమి తీగనుంచి నమూనాలోకి వచ్చే ప్రవాహాన్ని పికో ఆంపియర్లనుంచి నానో ఆంపియర్ల దాకా కొలుస్తాం. పైనున్న రెండునుంచి ఐదు నానోమీటర్లే దీనిలో పలుకుతాయి. మీ 12 నానోమీటర్ల పొరలో అడుగుభాగం దాదాపు మౌనం. పైభాగంలో పూర్తి కాని ఆక్సీకరణ, తేమ వంటివేమైనా ఉంటే అవే సిగ్నల్ నిండా ఉంటాయి. ఇది మొదటి హెచ్చరిక.

ఇక క్షేత్రం. 5 ఎలక్ట్రాన్ వోల్టుల ఎలక్ట్రాన్ 7 టెస్లాల్లో తిరిగే వృత్తం వ్యాసార్థం ఒక మైక్రోమీటరు. 500 ఎలక్ట్రాన్ వోల్టుల ఆజర్ ఎలక్ట్రాన్‌కైనా పది మైక్రోమీటర్లే. అంటే ప్రతి ఎలక్ట్రాన్ తనున్న క్షేత్ర రేఖ వెంబడే మెలి తిరుగుతూ పోతుంది, రేఖను వదలలేదు. క్షేత్రం ఉపరితలానికి లంబంగా ఉంటే ఆ రేఖ నమూనానుంచి బయటికి పోతుంది కాబట్టి ఎలక్ట్రాన్ తప్పించుకుంటుంది. క్షేత్రం ఉపరితలానికి సమాంతరంగా ఉంటే గిర్రున తిరిగి నమూనాలోకే వస్తుంది, ప్రవాహం పడిపోతుంది. మధ్యలో కోణం మారుతుంటే సిగ్నల్ పరిమాణమూ మారుతుంది. దానికీ అయస్కాంతీకరణకూ ఏ సంబంధమూ లేదు.

సున్నా క్షేత్రం దగ్గర ఇంకొక వింత. క్షేత్రం గుర్తు మారే క్షణంలో ఎలక్ట్రాన్ల దారి ఒక్కసారిగా మారి ప్రవాహం ఎగుడుదిగుడవుతుంది. హిస్టరిసిస్ వలయం (క్షేత్రాన్ని అటూ ఇటూ తిప్పినప్పుడు అయస్కాంతీకరణ గీసే వలయం) మధ్యలో ఒక పదునైన ముల్లు కనిపిస్తుంది. దాన్ని కొత్త భౌతికశాస్త్రం అనుకుని సంబరపడినవారు ఉన్నారు. అంచుకు ముందరి శక్తి దగ్గర, మీకైతే 700 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర, ప్రతి క్షేత్ర విలువకూ కొలిచి భాగిస్తే చాలామటుకు పోతుంది, పూర్తిగా పోదు.

మీ బంధకానికి ముందు వెండి పూతతో పొర పైభాగాన్ని పట్టీకి కలపండి. పైన రెండు నానోమీటర్ల లోహపు కప్పు వేయాలనుకుంటే అల్యూమినియం మాత్రం వద్దు. అది ఫెర్రైట్‌లోని ఆక్సిజన్‌ను లాగేసి ఇనుము సంయోజకతను మార్చేస్తుంది.

కానీ మీకు నేను సూచించేది ఇవేవీ కావు. మీ పలక మెగ్నీషియం ఆక్సైడ్ కదా, అది ఎక్స్‌రే తగిలితే కాంతినిస్తుంది. పొరను దాటి పలకకు చేరిన ఎక్స్‌రేలు ఎన్నో ఆ కాంతి చెబుతుంది. పలక వెనుక ఒక ఫోటోడయోడ్ పెట్టి ఆ మెరుపును కొలిస్తే మీకు దొరికేది నిజమైన ప్రసార శోషణ. పొర మొత్తం మందం లెక్కలోకి వస్తుంది. నమూనా విద్యుదావేశం చెందే గొడవ ఉండదు. బయటికి వచ్చేది ఫోటాన్ కాబట్టి క్షేత్రం దాన్ని వంచదు. ఆక్సిజన్ అంచు దగ్గర మాత్రం ఈ ఉపాయం వాడకండి, పలకలోనూ ఆక్సిజనే. ఇనుము, కోబాల్ట్ అంచులకు చక్కగా పనిచేస్తుంది. రెండు పద్ధతులూ ఒకేసారి రికార్డు చేయవచ్చు: ఉపరితలం ఒకదానిలో, పొర మొత్తం ఇంకొకదానిలో. వాటి మధ్య తేడా వస్తే అదే మీ రెండో వ్యాసం.

---

అణువువేట | మంగళవారం, ఉదయం 7:50

ఎక్కువ క్షేత్రం, ఎక్కువ ఫోటాన్లు అంటూ ఉత్సాహపడే ముందు ఒక మాట. మాది ఏకాణు అయస్కాంతాల (ఒక్కొక్క అణువే అయస్కాంతంగా పనిచేసేవాటి) పని, అందుకే నా భయాలు వేరు. సాఫ్ట్ ఎక్స్‌రేలు నమూనాను మారుస్తాయి. మాంగనీస్ పన్నెండు పరమాణువుల గుత్తిని బంగారం మీద పరిచినప్పుడు మాంగనీస్ క్షయకరణం చెంది రెండో సంయోజకతకు దిగిపోవడం ఈ రంగంలో అందరికీ తెలిసిన కథ. 2009లో మన్నిని బృందం ఇనుము నాలుగు పరమాణువుల గుత్తితో బంగారం మీద అయస్కాంత జ్ఞాపకాన్ని చూపించగలగడానికి ఒక కారణం ఆ అణువు అంతకన్నా గట్టిది కావడం.

అంతకన్నా మోసకరమైనది ఇంకొకటి. డిస్ప్రోసియం పరమాణువులున్న ఎండోఫుల్లెరీన్లలో (లోపల వేరే పరమాణువులు బంధించిన కార్బన్ పంజరాల్లో) అణువు చెడకపోయినా ఎక్స్‌రేలే దాని అయస్కాంతీకరణను చెరిపేస్తున్నాయని తేలింది. కిరణం పెంచేకొద్దీ హిస్టరిసిస్ వలయం సన్నబడుతుంది. పరికరమే జవాబును మారుస్తోందన్నమాట. అందుకే నిలకడ కాలాల్ని కొలిచేవారు ఫోటాన్ ప్రవాహాన్ని బాగా తగ్గిస్తారు. 2016లో డొనాటి బృందం మెగ్నీషియం ఆక్సైడ్ మీద ఒక్కొక్క హోల్మియం పరమాణువుకు 10 కెల్విన్ల దగ్గర 1500 సెకన్ల జీవితకాలం, 30 కెల్విన్ల దాకా హిస్టరిసిస్ చూపించింది. అంత సున్నితమైన చోట కిరణం తీవ్రత కూడా ఒక చలరాశే.

ఫెర్రైట్‌కు ఈ బాధ తక్కువే. అయినా మొదటి స్పెక్ట్రమ్‌ను చివర్లో మళ్లీ తీసి రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూడండి.

---

స్పిన్‌లెక్క | మంగళవారం, ఉదయం 10:30

పలుచనిపొర గారూ, మీరు సమ్ రూల్స్ వాడి ఇనుము స్పిన్ భ్రామకం చెప్పాలనుకుంటున్నారేమో, అందుకే ముందే చెబుతున్నాను. దయచేసి వద్దు.

---

పలుచనిపొర | మంగళవారం, ఉదయం 10:55

అదే అనుకుంటున్నాను! 1992లో థోల్, కర్రా, సెట్టె, వాన్ డెర్ లాన్ కక్ష్యా భ్రామకానికి, మరుసటి ఏడాది కర్రా బృందం స్పిన్‌కు ఇచ్చిన నియమాలు. అంచుల వైశాల్యాలు కొలిస్తే మాగ్నెటోమీటరు లేకుండానే భ్రామకం వస్తుంది కదా. 1995లో చెన్ బృందం ఇనుము, కోబాల్ట్ పొరల్లో వాటిని నిర్ధారించింది కూడా. ఎందుకు వద్దు?

---

స్పిన్‌లెక్క | మంగళవారం, మధ్యాహ్నం 12:20

చెన్ బృందం వాడింది శుద్ధ లోహం, ఒకే రకం స్థానం, ప్రసార పద్ధతి. మీది కోబాల్ట్ ఫెర్రైట్. విలోమ స్పైనెల్‌లో సగం ఇనుము చతుర్ముఖ స్థానాల్లో, సగం అష్టముఖ స్థానాల్లో, ఒకదానికొకటి వ్యతిరేక దిశలో ఉంటాయి. రెండూ మూడో సంయోజకత ఇనుమే. నికరంగా వాటి భ్రామకాలు దాదాపు కొట్టేసుకుంటాయి. సమ్ రూల్ చెప్పేది నికర విలువ. రెండు పెద్ద సంఖ్యల చిన్న తేడాను, అదీ నేపథ్యం తీసివేశాక, రంధ్రాల (3డీలోని ఖాళీల) సంఖ్యను ఊహించాక, ఎంత నమ్మాలి?

స్పిన్ నియమానికి ఎల్3 వైశాల్యంనుంచి ఎల్2 వైశాల్యానికి రెట్టింపును తీసివేయాలి. ఎల్3, ఎల్2 ఒకదానిలో ఒకటి కలిసిపోతే ఆ విడదీతే కుదరదు. 3డీ వరుసలో ఎడమవైపు వెళ్లేకొద్దీ ఈ కలయిక పెరుగుతుంది. క్రోమియం, మాంగనీస్‌లలో దిద్దుబాటు లేకుండా స్పిన్ విలువ చెప్పేవారిని నేను సీరియస్‌గా తీసుకోను. పైగా టీజెడ్ అనే డైపోల్ పదం (పరమాణువులో స్పిన్ పంపిణీ గోళాకారంగా లేకపోవడం వల్ల వచ్చేది). అది స్పిన్‌తో కలిసి వస్తుంది, విడిగా కనిపించదు.

---

వలయందగ్గర | మంగళవారం, మధ్యాహ్నం 2:00

ఇనుము విషయంలో ఒప్పుకుంటాను. కానీ టీజెడ్ పేరుతో సమ్ రూల్స్ మొత్తాన్ని కొట్టిపారేయడం ఒప్పుకోను. సరిగ్గా అక్కడే బలమైన క్షేత్రం పనికొస్తుంది. క్షేత్రాన్ని, కిరణాన్ని ఒకే దిశలో ఉంచి ఆ దిశను నమూనా లంబానికి 54.7 డిగ్రీల కోణంలో పెడితే డైపోల్ పదం సున్నా అవుతుంది. లేదా అనేక కోణాల్లో కొలిచి దాన్ని విడదీయవచ్చు. ఈ ఉపాయానికి షరతు ఒకటే: ఏ కోణంలోనైనా నమూనా సంతృప్తం కావాలి. ఇనుము పొరను లంబంగా నిలబెట్టాలంటేనే 2 టెస్లాలు దాటాలి. గట్టి యానిసోట్రోపీ ఉంటే ఇంకా ఎక్కువ. ఒక టెస్లా అయస్కాంతంతో ఈ పని ఊహించలేం. 1995లో స్టోర్, కోనిగ్ ఈ కోణాల లెక్కను ఇచ్చారు. అదే ఏడాది వెల్లర్ బృందం బంగారం నడుమ ఉన్న కోబాల్ట్ పొరల మీద చేసి చూపించింది.

---

స్పిన్‌లెక్క | మంగళవారం, మధ్యాహ్నం 2:35

ఒప్పుకుంటాను, కానీ మీ ఉదాహరణ కోబాల్ట్ లోహం. అష్టముఖ స్థానంలోని రెండో సంయోజకత కోబాల్ట్‌లో స్పిన్-కక్ష్యా బంధం టీజెడ్‌ను మరింత చిక్కు చేస్తుంది, కోణాల సగటు పూర్తిగా చెరపదు. కక్ష్యా భ్రామకమైతే సరే, దానికి ఈ పదం అడ్డు రాదు. కోబాల్ట్ ఫెర్రైట్ యానిసోట్రోపీ అంతా ఆ అణగని కక్ష్యా భ్రామకంనుంచే వస్తుంది కాబట్టి కొలవడానికి అర్హమైనది అదే. స్పిన్ జోలికి వెళ్లకుండా కక్ష్యా భ్రామకాన్ని చెప్పండి.

---

వలయందగ్గర | మంగళవారం, మధ్యాహ్నం 2:50

ఇది సమంజసం. అయితే కక్ష్యా భ్రామకాన్ని ఎలక్ట్రాన్ యీల్డ్‌లో, వాలుగా పడే కిరణంతో కొలవకండి. ఎల్3 శిఖరం దగ్గర ఎక్స్‌రే చొచ్చుకుపోయే లోతు ఎలక్ట్రాన్ తప్పించుకునే లోతుకు దగ్గరపడి శిఖరం అణిగిపోతుంది. అన్నిటికన్నా ముందు దెబ్బతినేది ఆ చిన్న కక్ష్యా సంఖ్యే, గుర్తు కూడా తారుమారు కావచ్చు. పలక మెరుపు పద్ధతిలో ఈ పీడ లేదు.

---

చూస్తూఉంటా | మంగళవారం, సాయంత్రం 4:10

మీ ఇద్దరి వాదన చదవడం బాగుంది. కక్ష్యా భ్రామకం అంత ముఖ్యమా? ఒక ఉదాహరణ ఇస్తారా?

---

అణువువేట | మంగళవారం, సాయంత్రం 6:25

2003లో గాంబర్డెల్లా బృందం ప్లాటినం ఉపరితలం మీద విడివిడి కోబాల్ట్ పరమాణువులను పరిచి 5.5 కెల్విన్ల దగ్గర, 7 టెస్లాల దాకా క్షేత్రం పెట్టి కొలిచింది. ఒక్కొక్క పరమాణువు కక్ష్యా భ్రామకం 1.1 బోర్ మాగ్నెటాన్లు (పరమాణు భ్రామకాల కొలమానం). మామూలు కోబాల్ట్ లోహంలో అది 0.15 దరిదాపు. యానిసోట్రోపీ శక్తి పరమాణువుకు 9 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులకు పైనే, లోహంలోకన్నా దాదాపు రెండు వందల రెట్లు. ఆ పరమాణువుల సాంద్రత ఒక పరమాణు పొరలో వందో వంతు స్థాయి. ఏ మాగ్నెటోమీటరుకూ అది కనిపించదు. ఆ ప్రయోగంలో బలమైన క్షేత్రం లేకపోతే లంబ దిశలోనూ వాలు దిశలోనూ వచ్చే అయస్కాంతీకరణ గీతలను పోల్చడమే కుదిరేది కాదు, ఆ పోలికనుంచే యానిసోట్రోపీ వచ్చింది.

---

పలుచనిపొర | మంగళవారం, రాత్రి 9:00

మళ్లీ నా వాలు దగ్గరికి వస్తున్నాను. ఎక్స్‌ఎంసీడీ కూడా 7 టెస్లాల్లో పెరుగుతూనే ఉందనుకుందాం. అప్పుడు తప్పు పలకది కాదని తేలుతుంది, అంతేనా? కారణం ఎలా తెలుస్తుంది?

---

వలయందగ్గర | బుధవారం, ఉదయం 8:40

ఇదీ దరఖాస్తులో ఉండవలసిన ప్రశ్న.

మెగ్నీషియం ఆక్సైడ్ మీద పెరిగే స్పైనెల్ పొరల్లో యాంటీఫేజ్ సరిహద్దులు తప్పవు. స్పైనెల్ జాలకం మెగ్నీషియం ఆక్సైడ్ జాలకానికి రెట్టింపు కాబట్టి వేరువేరు చోట్ల మొదలైన దీవులు కలిసేటప్పుడు సగం అడుగు పక్కకు జరిగిపోతాయి. ఆ సరిహద్దు దాటగానే స్పిన్‌ల బంధం యాంటీ ఫెర్రో అయస్కాంతంగా (ఒకదానికొకటి వ్యతిరేక దిశలో) మారుతుంది. 1997లో మార్గులీస్ బృందం మాగ్నెటైట్ పొరలు 7 టెస్లాల్లోనూ సంతృప్తం కాకపోవడానికి ఈ కారణమే చెప్పింది. మీది ఆ కుటుంబమే.

రెండో అవకాశం, అయాన్లు స్థానాలు మారి కొన్ని స్పిన్‌లు వాలి ఉండటం. ఉపరితలంలో ఇది ఎక్కువ.

ఇనుము ఎల్3 దగ్గర మీ ఎక్స్‌ఎంసీడీలో మూడు శిఖరాలు వస్తాయి: కిందికి, పైకి, కిందికి. పైకి వచ్చేది చతుర్ముఖ ఇనుము, కిందివి అష్టముఖ ఇనుము. మూడు శక్తుల దగ్గరా క్షేత్రాన్ని తిప్పుతూ వలయాలు తీయండి, కోబాల్ట్ ఎల్3 దగ్గర నాలుగోది. అన్నీ ఒకే ఆకారంలో, ఒకే నిష్పత్తిలో పెరిగితే రెండు ఉపజాలకాలూ (చతుర్ముఖ, అష్టముఖ స్థానాల సమూహాలు) కలిసికట్టుగా తిరుగుతున్నాయి, అంటే డొమైన్‌లను సరిహద్దు పట్టుకుని లాగుతోంది. చతుర్ముఖ శిఖరం అలాగే ఉండి అష్టముఖానివి మాత్రం పెరిగితే, లేదా కోబాల్ట్ ఒక దారిన, ఇనుము ఒక దారిన పోతే, ఉపజాలకం లోపలే స్పిన్‌లు వాలి ఉన్నాయి. ఈ విడదీతను మాగ్నెటోమీటరు చేయలేదు. 1 టెస్లా అయస్కాంతమూ చేయలేదు, ఎందుకంటే తేడా కనిపించేది 2 నుంచి 7 టెస్లాల మధ్యలో.

శిఖరాలు కొంత ఒకదానిలో ఒకటి కలిసి ఉంటాయన్నది గుర్తుంచుకోండి. ఒకే శక్తి దగ్గరి వలయం పూర్తిగా ఒకే స్థానానిది కాదు. అందుకే కనీసం మూడు క్షేత్ర విలువల దగ్గర పూర్తి స్పెక్ట్రా తీసి మల్టిప్లెట్ లెక్కలతో (ఒక్కొక్క స్థానపు అయాన్ స్పెక్ట్రమ్‌ను సిద్ధాంతం నుంచి గణించే లెక్కలతో) సరిచూడాలి.

---

స్పిన్‌లెక్క | బుధవారం, ఉదయం 9:30

ఆ లెక్కలకు నేను సాయం చేస్తాను. ఈసారి వాదించను.

---

చల్లనిగది | బుధవారం, ఉదయం 11:15

సమయం లెక్క వేసుకోండి. నిమిషానికి 1 టెస్లా వేగంతో ప్లస్ 7 నుంచి మైనస్ 7కు వెళ్లి తిరిగి రావడానికి 28 నిమిషాలు. నాలుగు శక్తులు, రెండు ధ్రువణాలు, ఇంకా అంచుకు ముందరి శక్తి. ఒక్కొక్క శక్తికీ విడివిడిగా వలయం తిప్పితే మీకిచ్చిన షిఫ్టులు అక్కడే ఆవిరవుతాయి. ప్రతి క్షేత్ర విలువ దగ్గరా ఆగి అన్ని శక్తులూ చదివి ముందుకు పోండి. ధ్రువణాన్ని మార్చడం క్షేత్రాన్ని తిప్పడంకన్నా చాలా వేగం. అయితే చివర్లో క్షేత్రం గుర్తు కూడా మార్చి నాలుగు కలయికలూ తీసుకుంటే ధ్రువణాన్ని బట్టి కిరణం కాస్త పక్కకు జరిగే దోషం కొట్టుకుపోతుంది.

ఇంకొకటి. అతివాహక చుట్టలో తెర మీద సున్నా కనిపించినా లోపల క్షేత్రం చిక్కుకుని ఉంటుంది, పదుల మిల్లీటెస్లాల దాకా. మెత్తని అయస్కాంతాల నిగ్రహ క్షేత్రాన్ని (అయస్కాంతీకరణను సున్నాకు తెచ్చే క్షేత్రాన్ని) ఇక్కడ కొలవకూడదు. కోబాల్ట్ ఫెర్రైట్ వంటి గట్టివాటికి పెద్ద నష్టం లేదు.

---

పలుచనిపొర | బుధవారం, మధ్యాహ్నం 1:30

ఎక్కడికి దరఖాస్తు పెట్టాలో కూడా చెబుతారా? 7 టెస్లాలకన్నా ఎక్కువ ఉన్నవి ఉన్నాయా? ఎక్కువ ఉంటే అక్కడికే వెళ్లడం మేలేమో.

---

వలయందగ్గర | బుధవారం, మధ్యాహ్నం 3:00

ఫ్రాన్స్‌లోని సోలే కేంద్రంలో డెయిమోస్, స్విట్జర్లాండ్‌లోని స్విస్ లైట్ సోర్స్‌లో ఎక్స్-ట్రీమ్, రెండూ కిరణం వెంబడి 7 టెస్లాలు, అడ్డంగా 2 టెస్లాలు. గ్రెనోబుల్‌లోని ఈఎస్‌ఆర్‌ఎఫ్‌లో ఐడీ32 దగ్గర 9 టెస్లాలు. బెర్లిన్‌లోని బెస్సీ-2లో వెక్‌మాగ్: కిరణం వెంబడి 9, సమతలంలో 2, ఏ దిశకైనా 1. బార్సిలోనా దగ్గరి ఆల్బాలో బోరియాస్ 6. ఇంగ్లండ్‌లోని డైమండ్‌లో ఐ10 దగ్గర 14 టెస్లాల అయస్కాంతం ఉంది. జపాన్‌లోని స్ప్రింగ్-8లో పల్స్ అయస్కాంతాలతో ఇంకా పైకి వెళ్లారు, కానీ అక్కడ క్షేత్రం మిల్లీసెకన్లలో వచ్చి పోతుంది, మీ నెమ్మదైన పోలికకు అది కాదు.

14 కోసం ఎగబడకండి. మీకు కావలసింది గరిష్ఠ సంఖ్య కాదు, పలక వెనుక ఫోటోడయోడ్ పెట్టే వీలు, కోణం మార్చే వీలు. కొన్ని అయస్కాంతాల లోపలి రంధ్రం ఇరుకు, నమూనా వెనుక ఏమీ దూరదు. దరఖాస్తుకు ముందే బీమ్‌లైన్ వారికి ఉత్తరం రాసి ఇది ఉందా అని అడగండి. అడిగిన దరఖాస్తు ఏదో, అడగనిది ఏదో సమీక్షించేవారికి ఇట్టే తెలిసిపోతుంది.

---

అణువువేట | బుధవారం, సాయంత్రం 5:45

ఉష్ణోగ్రత గురించి ఎవరూ అనలేదు. మీకు హీలియం చలి అవసరం లేదు, గది ఉష్ణోగ్రతలోనే చేయండి. చల్లబరిస్తే ఫెర్రైట్ మరింత బంధకమవుతుంది, యానిసోట్రోపీ పెరిగి తిరగడానికి మరింత మొరాయిస్తుంది. సంతృప్తత ప్రశ్నకు రెండు కారణాలు కలిసిపోతాయి. చల్లగా కొలవవలసి వస్తే మాత్రం థర్మామీటరు చెప్పిన అంకెను నమ్మకండి, నమూనా దానికన్నా వెచ్చగానే ఉంటుంది.

---

పలుచనిపొర | గురువారం, ఉదయం 9:20

ముసాయిదా మొదటి పేరా ఇలా రాశాను, చూడండి:

"మెగ్నీషియం ఆక్సైడ్ మీది కోబాల్ట్ ఫెర్రైట్ పొరల్లో 2 టెస్లాల పైన కనిపించే అసంతృప్త అయస్కాంతీకరణ యాంటీఫేజ్ సరిహద్దుల వల్లనా, ఉపజాలకాల్లో స్పిన్‌ల వాలు వల్లనా అన్నది మాగ్నెటోమీటరుతో తేలదు. ఇనుము ఎల్3 అంచులోని స్థానాల వారీ శిఖరాలను, కోబాల్ట్ ఎల్3 అంచును 7 టెస్లాల దాకా గది ఉష్ణోగ్రతలో, పలక మెరుపు ద్వారా, పొర మొత్తం మందంలో కొలుస్తాం."

---

స్పిన్‌లెక్క | గురువారం, ఉదయం 9:50

"ఎలక్ట్రాన్ యీల్డ్‌తో ఉపరితలాన్ని ఏకకాలంలో" అని ఒక ముక్క చేర్చండి. కోబాల్ట్ కక్ష్యా భ్రామకం రెండో పేరాలో. సమ్ రూల్స్ అన్న మాట మొదటి పేజీలో కనపడకూడదు.

---

వలయందగ్గర | గురువారం, ఉదయం 10:10

మందాల మీద ఆధారపడే తేడా చూపడానికి 5, 12, 40 నానోమీటర్ల పొరలు మూడూ తీసుకెళ్లండి. సరిహద్దుల సాంద్రత మందంతో తగ్గుతుంది, కాబట్టి మొదటి కారణమే నిజమైతే 40 నానోమీటర్ల పొరలో వాలు తగ్గాలి. ఆ పొరను దాటి పలకకు చేరే ఎక్స్‌రేలు ఎల్3 శిఖరం దగ్గర బాగా తగ్గిపోతాయి, అక్కడ ఎక్కువసేపు చదవండి.